అంతర్జాతీయ చదరంగ పోటీల వీక్షణ

అంతర్జాతీయ చదరంగ పోటీల వీక్షణ అనగా ప్రపంచ స్థాయి క్రీడాకారులు పాల్గొనే చదరంగ పోటీలను, పోటీ స్థలమునకు వెళ్ళకుండగనే, దూరము నుండి ఒక్కొక్క ఎత్తుగా అనుసరించుట. ఇతర ఆటలకు లేని సౌలభ్యము ఒకటి చదరంగమునకు ఉన్నది. ఆట మొత్తము ఒక కాగితము మీద ఇమిడిపోతుంది. ఎత్తుల వరుస, ఒక బల్ల, 32 పావులు ఉన్నచో సింగపూరులో జరిగిన ఆటను అమలాపురములో ఏ మార్పు లేకుండ తిరిగి ఆడి చూడవచ్చును. క్రికెట్టులో స్కోరు చదివినవానికి ఆట కనిపించదు. చదరంగములో ఎత్తులు చదివినవానికి ఆట పూర్తిగా కనిపిస్తుంది. తెలుగువారైన కోనేరు హంపి, ద్రోణవల్లి హారిక, పెంటేల హరికృష్ణ, ఎరిగైసి అర్జున్ మొదలైనవారు ప్రపంచ పోటీలలో పాల్గొనుట వలన తెలుగునాట ఈ వీక్షణకు ఆదరణ పెరిగినది.

నేపథ్యము

ప్రాచీన భారతదేశపు చతురంగము నుండి చదరంగము వచ్చినదని చరిత్రకారులలో ఎక్కువమంది అభిప్రాయము. ఇళ్ళలోను, వీధి అరుగుల మీదను తరతరాలుగా ఆడుతూ వచ్చిన దేశవాళీ ఆటకు, నేటి అంతర్జాతీయ నియమాలకు కొన్ని తేడాలు ఉన్నవి. దేశవాళీ పద్ధతిలో బంటు మొదటి ఎత్తులో కూడ ఒక్క గడి మాత్రమే జరుగుతుంది. అంతర్జాతీయ పద్ధతిలో మొదటిసారి రెండు గడులు జరుగవచ్చును. ఇంగ్లీషు వ్యాఖ్యానములో క్వీన్ అనునది తెలుగువారి మంత్రి, బిషప్ అనునది శకటు, రూక్ అనునది ఏనుగు, నైట్ అనునది గుర్రము. ఈ నాలుగు మాటలు తెలిసినచో కొత్తగా చూచువారికి వ్యాఖ్యానము చాలావరకు బోధపడుతుంది.

దూరము నుండి చదరంగమును అనుసరించుట కొత్త విషయము కాదు. లండన్, ఎడిన్‌బరో నగరాల మధ్య 1824 నుండి 1828 వరకు ఉత్తరాల ద్వారా పోటీ జరిగినది. 1972లో ఐస్‌లాండు రాజధాని రేక్యవిక్‌లో బాబీ ఫిషర్, బోరిస్ స్పాస్కీల మధ్య జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్పును ప్రపంచమంతటా పత్రికల ద్వారా అనుసరించారు. 1988లో విశ్వనాథన్ ఆనంద్ భారతదేశపు మొదటి గ్రాండ్‌మాస్టరు అయిన తరువాత ఈ దేశములో అభిమానుల సంఖ్య పెరిగినది. 2002 అక్టోబరులో ఫిడే ప్రపంచ కప్పు హైదరాబాదులో జరిగినది. దానిని ఆనంద్ గెలుచుకున్నాడు. అదే సంవత్సరము గుడివాడలో జన్మించిన కోనేరు హంపి 15 ఏళ్ళ వయస్సులో గ్రాండ్‌మాస్టరు హోదా పొందినది. తరువాతి కాలములో సెన్సార్లు అమర్చిన బల్లలు వచ్చుటతో, క్రీడాకారుడు పావును కదిపిన వెంటనే ఆ ఎత్తు ఇంటర్నెట్టులో కనిపించుట సాధ్యమైనది. మోసమును నివారించుటకు కొన్ని పోటీలలో ఈ ప్రసారమును కొన్ని నిమిషాలు ఆలస్యముగా ఇస్తారు.

పోటీల రకాలు

పోటీ ఏ రకమునకు చెందినదో తెలియనిచో ఫలితాల ప్రాముఖ్యము అర్థము కాదు. ముఖ్యమైనవి మూడు రకాలు.

రౌండ్ రాబిన్: ఇందులో ప్రతి ఒక్కరు మిగిలిన అందరితోను ఆడుతారు. నెదర్లాండ్సులోని వైక్ ఆన్ జీ గ్రామములో 1968 నుండి జరుగుతున్న పోటీ దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ. ఇందులో ప్రధాన విభాగమున 14 మంది, 13 రౌండ్లు ఉంటాయి. గెలుపునకు అవకాశము పోయినవాడు కూడ విజేతను నిర్ణయించగలుగుట ఈ రకములోని విశేషము. 2025లో చివరి రౌండుకు ముందు గుకేశ్, ప్రజ్ఞానంద సమానమైన పాయింట్లతో ముందంజలో ఉన్నారు. పట్టికలో చాలా క్రింద ఉన్న వరంగల్లుకు చెందిన అర్జున్ ఆ రౌండులో గుకేశ్‌ను ఓడించాడు. ప్రజ్ఞానంద కూడ ఓడిపోవుటతో ఇరువురి మధ్య అదనపు ఆటలు జరిగి, ప్రజ్ఞానంద విజేత అయినాడు. ప్రపంచ ఛాంపియనుతో తలపడు వ్యక్తిని ఎంపిక చేయు క్యాండిడేట్స్ పోటీలో ఎనిమిది మంది ఒకరితో ఒకరు రెండేసి ఆటలు, అనగా మొత్తము 14 రౌండ్లు ఆడుతారు.

స్విస్ పద్ధతి: ఇందులో ఎవరూ మధ్యలో నిష్క్రమించరు. ప్రతి రౌండులో సమానమైన లేదా దగ్గర పాయింట్లు ఉన్నవారిని జతపరుస్తారు. చదరంగ ఒలింపియాడ్ ఈ పద్ధతిలోనే జరుగుతుంది. 2024 సెప్టెంబరులో బుడాపెస్టులో భారతదేశపు రెండు జట్లు స్వర్ణ పతకాలు సాధించాయి. ఆ జట్లలో హారిక, అర్జున్, హరికృష్ణ ఉన్నారు.

నాకౌట్: ఓడినవారు వెంటనే ఇంటిదారి పడతారు. ప్రపంచ కప్పు ఈ పద్ధతిలో జరుగుతుంది. ప్రతి జత రెండు ఆటలు ఆడుతుంది. సమానమైనచో తక్కువ సమయముతో అదనపు ఆటలు ఉంటాయి.

ఎత్తులను రాయు పద్ధతి

బల్ల మీది నిలువు వరుసలకు తెల్లపావుల వైపు నుండి చూచినపుడు ఎడమ నుండి కుడికి ఏ, బి, సి, డి, ఈ, ఎఫ్, జి, హెచ్ అను అక్షరాలు ఉంటాయి. అడ్డు వరుసలకు తెల్లపావుల వైపు నుండి 1 మొదలు 8 వరకు అంకెలు ఉంటాయి. ఈ రెండింటి కలయికతో 64 గడులలో ప్రతి దానికి ఒక పేరు ఏర్పడుతుంది. "ఈ4" అని మాత్రమే ఉన్నచో బంటు ఆ గడికి వెళ్ళినదని అర్థము. "గుర్రము ఎఫ్3" అన్నచో గుర్రము ఆ గడికి వెళ్ళినది. పావును చంపినపుడు గుణకారపు గుర్తును, రాజుకు చెక్ చెప్పినపుడు కూడిక గుర్తును వేస్తారు. ఆశ్చర్యార్థకము మంచి ఎత్తును, ప్రశ్నార్థకము పొరపాటును సూచిస్తాయి. రెండు ప్రశ్నార్థకాలు ఉన్నచో అది ఆట పోగొట్టదగినంత పెద్ద పొరపాటు. తెల్లపావులు గెలిచిన 1-0 అని, నల్లపావులు గెలిచిన 0-1 అని, డ్రా అయిన ఇరువురికి అర పాయింటు చొప్పున రాస్తారు.

ప్రసిద్ధ ఆరంభాలకు పేర్లు ఉన్నవి. ఉదాహరణకు తెల్లపావులు ఈ4, నల్లపావులు ఈ5, ఆపై తెల్లగుర్రము ఎఫ్3, నల్లగుర్రము ఎఫ్6 వచ్చినచో దానిని పెట్రోవ్ రక్షణ అంటారు.

గడియారము

చదరంగములో బల్లతో సమానముగా గడియారమును కూడ గమనించవలెను. సుదీర్ఘ ఆటను క్లాసికల్ అని, మధ్యరకమును ర్యాపిడ్ అని, అతి వేగముగా ఆడు ఆటను బ్లిట్జ్ అని అంటారు. ప్రపంచ కప్పు క్లాసికల్ ఆటలో మొదటి 40 ఎత్తులకు ఒక్కొక్కరికి 90 నిమిషాలు, మిగిలిన ఆటకు మరి 30 నిమిషాలు ఇస్తారు. ప్రతి ఎత్తుకు 30 సెకన్లు అదనముగా చేరుతాయి. 40వ ఎత్తు సమీపించు కొలది పొరపాట్లు అధికమగుట సహజము. ఎత్తుల పక్కన చూపు మిగిలిన సమయమును చదవనివారికి గొప్ప క్రీడాకారులు చిన్న తప్పులు ఎందుకు చేస్తారో అర్థము కాదు.

పోటీలు జరుగు దేశమును బట్టి భారతీయులకు వీక్షణ సమయము మారుతుంది. సింగపూరులో సాయంకాలము 5 గంటలనగా మన కాలమానములో మధ్యాహ్నము 2.30. జార్జియా దేశపు బటూమిలో మధ్యాహ్నము 3 గంటలనగా మనకు సాయంకాలము 4.30, పాఠశాలలు విడిచిపెట్టు వేళ. శీతకాలమున వైక్ ఆన్ జీలో మధ్యాహ్నము 2 గంటలకు మొదలైన ఆట మనకు సాయంకాలము 6.30కు మొదలవుతుంది. 2024 ఏప్రిల్‌లో కెనడాలోని టొరంటోలో జరిగిన క్యాండిడేట్స్ పోటీ ఆటలు మనకు అర్ధరాత్రి ప్రారంభమైనవి. ఆ పోటీలో చెన్నైలో స్థిరపడిన తెలుగు కుటుంబమునకు చెందిన గుకేశ్ 17 ఏళ్ళ వయస్సులో 14 ఆటలకు 9 పాయింట్లు సాధించి విజేత అయినాడు.

అంచనా పట్టీ

1997లో ఐ.బి.ఎం. సంస్థ తయారు చేసిన డీప్ బ్లూ యంత్రము ప్రపంచ ఛాంపియన్ కాస్పరోవ్‌ను ఓడించినది. నేడు ఉచితముగా లభించు స్టాక్‌ఫిష్ వంటి ప్రోగ్రాములు ఏ మనిషి కంటెను బాగుగా ఆడుతాయి. ప్రసారాలలో బల్ల పక్కన తెలుపు, నలుపు రంగులతో కనిపించు నిలువు పట్టీ ఈ ప్రోగ్రాము చెప్పు అంచనా. కూడిక గుర్తుతో 1.5 అని ఉన్నచో తెల్లపావులకు సుమారు ఒకటిన్నర బంటు విలువైన ఆధిక్యము ఉన్నదని భావము. తీసివేత గుర్తు ఉన్నచో ఆధిక్యము నల్లపావులది. సున్నా ఉన్నచో ఇరువురూ సరిగ్గా ఆడిన ఆట డ్రా అవుతుందని అర్థము. తరువాతి ఎత్తు సులభమని అర్థము కాదు.

ఈ పట్టీ వలన ఒక విచిత్రమైన పరిస్థితి ఏర్పడినది. ఇంటిలో కూర్చున్న ప్రేక్షకునికి ఆడువాని కంటె ముందుగా విషయము తెలియుచున్నది. 2024 డిసెంబరు 12న సింగపూరులో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్పు 14వ ఆట దీనికి మంచి ఉదాహరణ. చైనాకు చెందిన డింగ్ లిరెన్ తెల్లపావులతోను, గుకేశ్ నల్లపావులతోను ఆడుతున్నారు. గుకేశ్‌కు ఒక బంటు అధికముగా ఉన్నప్పటికి ఆట డ్రా దిశగా సాగుచున్నది. 55వ ఎత్తులో డింగ్ తన ఏనుగును ఎఫ్2 గడికి జరిపి ఏనుగుల మార్పిడికి సిద్ధపడినాడు. పట్టీ ఒక్కసారిగా నలుపు వైపునకు మారినది. ప్రపంచమంతటా ప్రేక్షకులకు అది ఓటమి ఎత్తు అని తెలిసిపోయినది. ఎదురుగా కూర్చున్న గుకేశ్ మాత్రము ఆ విషయమును వెంటనే గ్రహించలేదని ఆట తరువాత తానే చెప్పినాడు. ఏనుగులు మారిన తరువాత అతడు శకటును డి5 గడిలో నిలిపినాడు. ఏ8 మూలలో ఉన్న డింగ్ శకటుకు తప్పించుకొను దారి లేదు. శకటులు కూడ మారినచో మిగిలినవి రాజులు, బంట్లు మాత్రమే. అధికముగా ఉన్న బంటు గెలిపిస్తుంది. 58 ఎత్తులకు ఆట ముగిసినది. 7.5-6.5 పాయింట్లతో గుకేశ్ 18 ఏళ్ళకే ప్రపంచ ఛాంపియన్ అయినాడు.

పట్టీ సమాధానమును చూపుతుంది గాని కారణమును చూపదు. లెక్కల పుస్తకము చివర ఇచ్చిన జవాబులు మాత్రమే చదివినవానికి లెక్క వచ్చినట్లు కాదు. పట్టీ మాత్రమే చూచువారు, అనేక గంటలు ఆలోచించి అలసిన క్రీడాకారుని ఒక్క క్షణములో తెలివితక్కువవానిగా నిర్ణయించుట తరచుగా కనిపిస్తుంది.

ఉదాహరణ: బటూమి మహిళల ప్రపంచ కప్పు, 2025

తెలుగు అభిమానులు మిక్కిలి ఆసక్తితో అనుసరించిన పోటీలలో 2025 జూలైలో బటూమిలో జరిగిన మహిళల ప్రపంచ కప్పు ఒకటి. ఇందులో 107 మంది పాల్గొన్నారు. క్వార్టర్ ఫైనల్సుకు నలుగురు భారతీయులు చేరారు: కోనేరు హంపి, గుంటూరుకు చెందిన ద్రోణవల్లి హారిక, చెన్నైకి చెందిన వైశాలి, నాగపూరుకు చెందిన దివ్య దేశ్‌ముఖ్. హారిక, దివ్యల మధ్య రెండు క్లాసికల్ ఆటలు డ్రా కాగా, ర్యాపిడ్ ఆటలు రెండింటిని దివ్య గెలిచినది.

సెమీ ఫైనల్సులో హంపి చైనాకు చెందిన లీ టింగ్జీతో తలపడినది. క్లాసికల్ ఆటలు సమానమైనవి. 15 నిమిషాల ఆటలు కూడ సమానమైనవి. 10 నిమిషాల ఆటలలో మొదటిది హంపి ఓడిపోయినది. రెండవది గెలువనిచో పోటీ నుండి నిష్క్రమించవలసిన స్థితిలో దానిని గెలిచి నిలిచినది. తరువాత 5 నిమిషాల ఆటలు రెండింటిని గెలిచి, మొత్తము 5-3 తేడాతో ఫైనల్సుకు చేరినది. తుది ఫలితము మాత్రమే చదివినవారికి ఈ ఎనిమిది ఆటల ఉత్కంఠ తెలియదు.

ఫైనల్సులో 38 ఏళ్ళ హంపి, 19 ఏళ్ళ దివ్య తలపడినారు. జూలై 26, 27 తేదీలలో జరిగిన క్లాసికల్ ఆటలు డ్రా అయినవి. 28న జరిగిన మొదటి ర్యాపిడ్ ఆట కూడ డ్రా అయినది. రెండవ ర్యాపిడ్ ఆటలో హంపి తెల్లపావులతో ఆడినది. సమయము తరిగిపోయిన దశలో పొరపాట్లు చోటు చేసుకొని, చివరకు నల్లపావులతో దివ్య గెలిచినది. మొత్తము 2.5-1.5 తేడాతో ఆమె ప్రపంచ కప్పు విజేత అయినది. ఈ విజయముతో దివ్యకు నేరుగా గ్రాండ్‌మాస్టరు హోదా లభించినది. భారతదేశమున ఆ హోదా పొందినవారిలో ఆమె 88వ వ్యక్తి. మహిళలలో హంపి, హారిక, వైశాలిల తరువాత నాల్గవది.

ఈ ఫైనల్సు వీక్షకునికి ఒక పరీక్ష వంటిది. దివ్య జన్మించునాటికి హంపి గ్రాండ్‌మాస్టరు అయి మూడు సంవత్సరాలు దాటినది. హంపి ర్యాపిడ్ విభాగములో 2019లో మాస్కోలోను, 2024లో న్యూయార్కులోను ప్రపంచ విజేతగా నిలిచిన వ్యక్తి. చివరి ఆటలో ఆమె చేసిన తప్పులను అంచనా పట్టీ క్షణములో చూపినది. కాని ఆ ఎత్తులను గడియారములో మిగిలిన సమయముతో పాటు బల్ల మీద వేసి చూచువారికి, అటువంటి స్థితిలో సరైన ఎత్తు కనుగొనుట ఎంత కష్టమో తెలుస్తుంది. ఓడినవారి ఆటను అర్థము చేసికొనుటయే గెలిచినవారి గొప్పతనమును కూడ సరిగా కొలుచుటకు మార్గము.

కోనసీమ నుండి వీక్షణ

గోదావరి పాయలైన గౌతమి, వశిష్ఠల నడుమ ఉన్న కోనసీమ 2022 ఏప్రిల్ 4న అమలాపురము కేంద్రముగా ప్రత్యేక జిల్లా అయినది. ఈ ప్రాంతపు అభిమానికి ప్రపంచ స్థాయి పోటీని ప్రత్యక్షముగా చూచుట సులభము కాదు. అమలాపురము, రాజోలు, కొత్తపేట వంటి పట్టణాలవారికైనను, లంక గ్రామాలవారికైనను చేతిలోని ఫోనే పోటీశాల.

అయితే ఈ ఆధారము ఎంత బలహీనమైనదో 2022లో తెలిసినది. జిల్లా పేరు మార్పు విషయమై మే 24న అమలాపురములో జరిగిన అల్లర్ల అనంతరము కోనసీమలో మొబైల్ ఇంటర్నెట్టును నిలిపివేశారు. ఈ నిలిపివేత జూన్ మొదటి వారములో కూడ కొనసాగినది. సరిగ్గా ఆ రోజులలోనే నార్వేలోని స్టావంగరులో నార్వే చెస్ పోటీ జరుగుచున్నది. 52 ఏళ్ళ ఆనంద్ మొదటి మూడు క్లాసికల్ ఆటలు వరుసగా గెలిచి, చివరకు మూడవ స్థానములో నిలిచినాడు. ఫోను మీద మాత్రమే ఆధారపడిన కోనసీమ అభిమానికి ఆ ఆటలు జరుగుచుండగా చూచు అవకాశము లేకపోయినది. కాని చదరంగములో ఆలస్యము వలన ఆట చెడిపోదు. ఆ ఎత్తులను నేడు తీసికొని ఆడినను ఆట అదే.

వీడియో ప్రసారమునకు బలమైన సిగ్నలు, ఎక్కువ డేటా అవసరము. ఎత్తులు మాత్రము కొద్ది అక్షరాలే గనుక బలహీనమైన సిగ్నలుతో కూడ అందుతాయి. ఒక ఆట ఎత్తులన్నియు నోటు పుస్తకములో ఒకటి రెండు పుటలలో సరిపోతాయి.

విద్యార్థులకు సూచనలు

పోటీని చూచుచు ఆట నేర్చుకొనగోరు విద్యార్థులు ఈ క్రింది పద్ధతిని అనుసరించవచ్చును.

ఒక రౌండులో అన్ని ఆటలను చూడక, ఒక్క ఆటను ఎంచుకొనవలెను. ఎదుట నిజమైన బల్లను పరచి, వచ్చిన ప్రతి ఎత్తును దాని మీద వేయవలెను. అంచనా పట్టీని కాగితముతో మూసి ఉంచుట లేదా ఆపివేయుట మంచిది. క్రీడాకారుడు ఆలోచించు సమయములో తాను కూడ ఆలోచించి, తనకు తోచిన ఎత్తును పుస్తకములో రాసికొనవలెను. అసలు ఎత్తు వచ్చిన తరువాత రెండింటిని పోల్చి, తేడాకు కారణమేమో వెదకవలెను. ఇద్దరు మిత్రులు కలిసి చూచినచో ఒకరు తెల్లపావుల పక్షమున, మరియొకరు నల్లపావుల పక్షమున వాదించుకొనవచ్చును. ఆట ముగిసిన తరువాత మాత్రమే కంప్యూటరు అంచనాను తెరచి చూడవలెను.

ఈ పద్ధతిలో ఒక్క ఆటను చూచుటకు నాలుగైదు గంటలు పట్టవచ్చును. సెలవు రోజున చూచుట అనుకూలము. ఆట అర్ధరాత్రి జరిగినచో మేలుకొనవలసిన అవసరము లేదు. ఫలితమును తెలిసికొనకుండ మరునాడు ఎత్తులను మాత్రము తెరచి, ఒక్కొక్కటిగా వేసినచో ప్రత్యక్షముగా చూచినంత ఉత్కంఠ కలుగుతుంది.